గోడలో కాపురం

పొద్దున ఎనిమిది గంటల నుంచి పన్నెండున్నర దాకా ఈరన్న నోరు తెరిచింది రెండే సార్లు. ఒకసారి మంచినీళ్ళకు, ఇంకొకసారి ఆవలింతకు.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఓబుళేసుకు కూడా ఆవలింత వచ్చింది కానీ హోదా అడ్డం వచ్చి మింగేశాడు. లాకప్‌లో గోడకు ఆనుకుని కూర్చున్న ఈరన్నకు యాభై దాటి ఉంటాయి. కొండల్లో తేనె కొట్టి ఊళ్ళో అమ్ముకోవడం అతని పని. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా నూనెలో వేసిన పూరీల్లా పొంగి ఉన్నాయి.

కాగితాల మీద కేసు పొట్టిది. బుధవారం పొద్దున బండకిందపల్లెలో తిప్పమ్మ అనే అరవై ఏళ్ళ ఒంటరి మనిషి, లోపల గడియ వేసి ఉన్న గదిలో, తేనెటీగలు కుట్టి చనిపోయింది. ఆరున్నరకు ఈరన్న ఆమె మిద్దె మీద గునపంతో, గోనెసంచితో కనిపించాడు. ఏడు గంటలకు జనం తలుపు పగలగొట్టారు. ఈరన్న మిద్దె దూకి పారిపోయి, గురువారం రాత్రి కొండ కింద దొరికాడు. నెల కిందట ఇద్దరూ వీధిలో తోసుకోవడం నలుగురూ చూశారు. కాబట్టి ఈరన్నే కొండ మీది ఈగల్ని సంచిలో తెచ్చి, మిద్దెకు కన్నం పెట్టి లోపలికి వదిలాడు. ఇది ఎస్.ఐ. ఎర్రిస్వామి రాసిన కథ. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది.

ఈ రోజు శుక్రవారం. సాయంత్రం ఐదుకు ఈరన్నను మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. నాలుగుకు జీపు కదులుతుంది. హత్యానేరం కింద ఒకసారి లోపలికి పోతే, జామీను ఇచ్చే దిక్కు లేని ఈరన్న మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పేవాళ్ళుండరు. పోయే ముందు కాగితాలు ఒకసారి చూసి రమ్మని డి.ఎస్.పి. ఓబుళేసును పంపాడు. కాగితాలు చూడటం ఐదు నిమిషాల పని. మనిషిని చూసేసరికి నాలుగున్నర గంటలు పట్టింది.

"ఏమప్పా ఈరన్నా, మిద్దె ఎందుకెక్కినావు?"

ఈరన్న తన చేతుల వైపు చూసుకున్నాడు.

"తిప్పమ్మతో నీకు తగాదా ఏమి?"

ఈరన్న వాచిన చేతిని ఇంకో చేత్తో తడుముకున్నాడు.

"సరే. ఐదుకు మేజిస్ట్రేటు ముందర కూడా ఇట్లే కూర్చో. నీ తరఫున ఎర్రిస్వామి మాట్లాడతాడు. ఆయన బాగా మాట్లాడతాడు."

ఈరన్న మూడోసారి నోరు తెరిచాడు. "జైల్లో నీళ్ళు ఇస్తారా సార్?"

"ఇస్తారు."

"దినామూనా?"

"దినామూ."

"అయితే పోనీలే సార్," అన్నాడు ఈరన్న, పెళ్ళిపందిట్లో చోటు దొరికినవాడిలా సర్దుకుని కూర్చుంటూ.

ఓబుళేసు లేచాడు. ఇరవై రెండేళ్ళ నౌకరీలో జైలుకు పోనని ఏడ్చినవాళ్ళను వందల మందిని చూశాడు. పోతానని కుదురుగా కూర్చున్నవాడు వెనక ఎవరినో దాచి పెట్టుకుని ఉంటాడని ఆయన లెక్క.

*

ఒంటిగంటకు ఆయన తిప్పమ్మ ఇంటి ముందు దిగాడు. ఒకటే గది. రాళ్ళ మధ్య మట్టి పెట్టి కట్టిన రెండు అడుగుల మందం గోడ, పైన మట్టిమిద్దె. మిద్దె మీద కొత్తగా చౌడు మట్టి పరిచి ఉంది. వానలు మొదలయ్యేలోగా మిద్దెల మీద చౌడు పరిస్తే నీళ్ళు కారవు. వాన ముఖం చాటేసి ఇది మూడో ఏడు. అయినా ఏటా మే నెలలో చౌడు పరచడం మాత్రం మానరు. వాన రావడం లేదన్న సంగతి మిద్దెలకు ఎవరూ చెప్పలేదు.

పక్కింటి నాగలక్ష్మమ్మ పిలవకుండానే వచ్చింది. మగ్గాలున్న ఇల్లు ఆమెది. తిప్పమ్మ ఆమె దగ్గరే పట్టుదారం తీసుకుని కండెలకు చుట్టి ఇచ్చేది.

"తలుపు ఎందుకు మూసుకునింది? ఎండాకాలం కదా," అన్నాడు ఓబుళేసు.

"పట్టు చుట్టేటప్పుడు ఎవరైనా మూసుకుంటారు సార్. ఈ గాలికి పోగు చిక్కుపడితే దినమంతా విడదీసుకుంటా కూర్చోవాల. ఆరు గంటలకు తలుపేసుకుంటే తొమ్మిదికి తీస్తుండె."

"అన్ని ఈగలు రొద పెడుతుంటే అప్పుడైనా లేవలేదా?"

"యాడ వినపడుతుంది సార్. ఇరవై ఏండ్ల కింద జ్వరమొచ్చి రెండు చెవులూ పోయినాయి. మనం ఈపు మీద తడితే తప్ప తిరిగి చూడదు." నాగలక్ష్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంత మంచి చెయ్యి మళ్ళ దొరకదు. ఒక్క పోగు తెగనిచ్చేది కాదు."

పెరట్లో దండెం మీద తిప్పమ్మ తెల్లచీర ఇంకా ఆరుతూనే ఉంది. తీసి మడిచేవాళ్ళు లేరు. చీర నిండా ఆవగింజంత పసుపు చుక్కలు. ఓబుళేసు ఒక చుక్కను గోటితో గీకి చూశాడు.

"అది కాకుల పని సార్," అంది నాగలక్ష్మమ్మ. "సంక్రాంతి దాటినప్పట్నుంచి ఇదే. మా తెల్ల పడుగు దారాల మీద కూడా పడితే కాకుల్ని తిట్టని తిట్టు లేదు."

"కాకి ఇంత పొదుపుగా రెట్ట వెయ్యదమ్మా."

ఈ చుక్కల సంగతి ఓబుళేసుకు తెలియడానికి ఆయన తెలివి కారణం కాదు, ఆయన భార్య అక్కమ్మ. రెండేళ్ళ కిందట క్వార్టర్సులో ఆరేసిన బనియన్ల మీద ఇలాంటి చుక్కలు పడుతున్నాయని ఆమె చెప్పింది. ఆయన వినలేదు. నీళ్ళ తొట్టి అంచున ఈగలు వాలుతున్నాయంది. వేసవి కదా అన్నాడు. వంటింటి గోడకు చీమలు బారుగా ఎక్కుతున్నాయంది. చక్కెర డబ్బా మూత సరిగా పెట్టు అన్నాడు. రెండు నెలలయ్యాక గోడలోంచి తేనె కారి ఆయన టోపీ మీద పడింది. "జిల్లాలో దొంగలనంతా పట్టే ఆయనకు ఇంటి గోడలో కాపురం పెట్టినోళ్ళు కనపడలేదు" అని అక్కమ్మ చుట్టాలందరికీ చెప్పింది. ఇప్పటికీ చెబుతూనే ఉంది.

అందుకే ఆయన ఈసారి నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు. కుండ పక్కన మట్టి మూకుడు. అందులో అడుగంటిన నీళ్ళు, నీళ్ళ మీద వేరుశనగ పొట్టు.

"ఇదేమి?"

"ఏమో సార్. బిందె నీళ్ళకు అర మైలు నడిచే రోజుల్లో రోజూ ఆ మూకుడు నింపుతుండె. పిచ్చుకలకేమో అనుకుంటి."

పిచ్చుకకు పొట్టుతో పని లేదు. వాలి, కాళ్ళు ఆనించి, మునిగిపోకుండా తాగడానికి పొట్టు కావలసినది ఈగకు. ఓబుళేసు లోపలికి నడిచాడు.

గదిలో పొగ వాసన. బుధవారమే జనం గోడ దగ్గర మంట పెట్టి మిగిలిన ఈగల్ని చంపేశారు. పడమటి గోడ వారగా, వేలాడే బల్బు కింద, రాట్నం. దాని వెనక గోడ మీద, కూర్చున్న మనిషి తల ఎత్తులో, గుండ్రంగా ఆముదం మరక. ఏళ్ళ తరబడి ఉన్న మరక కాదు, నాలుగైదు నెలలది. దాని పక్కనే అరచెయ్యి ఆనించి ఆనించి నున్నబడిన చోటు. రెండింటికీ జానెడు కింద, రాళ్ళ మధ్య మట్టి రాలిపోయి వేలు దూరేంత సందు. సందు కింద గోధుమ రంగు చార, ఆ చార వెంబడి ఎండిపోయిన చీమల బారు.

ఇక్కడ ఒక మనిషి రోజూ గోడకు తల ఆనించి, చెయ్యి ఆనించి కూర్చుంది. ఓబుళేసు తన అరచెయ్యి అక్కడ పెట్టాడు. ఇప్పుడు ఆ గోడ ఉత్త గోడ.

ఆయన నిచ్చెన తెప్పించుకుని బయట పడమటి వైపు ఎక్కాడు. చూరుబండ కింద ఈరన్న గునపం చేసిన కంత. లోపల టార్చి వేస్తే ఏడు తేనెపట్లు వరసగా వేలాడుతున్నాయి. కొత్త పట్టు తెల్లగా ఉంటుంది. ఇవి పాత చెప్పు అట్టల్లా నల్లబడి ఉన్నాయి. కంత అంచున గునపం తగలని ఒక పక్క రాయి, వేల కాళ్ళు నడిచిన చోట, మైనం పూసినట్టు మెరుస్తోంది.

దిగాక ఆయన నేల మీద మోకాళ్ళూని వెతికాడు. గునపం దెబ్బకు రాలిన మట్టి పెళ్ళలు. ఒకటి అరచేతంత ఉంది. గోడ మట్టి ఎరుపు. ఈ పెళ్ళ బూడిద తెలుపు. చౌడు. లోపలి వైపు తిప్పితే, ఎండిన చౌడులో ఇరుక్కుపోయిన ఈగలు, సన్నగా కొరికిన గాట్లు. బయటి వైపు నాలుగు వేళ్ళతో మెత్తిన గుర్తులు. వాటి కింద, వంపు తిరిగిన రెండు సన్నని గీతలు. గాజుల అచ్చు.

ఓబుళేసు తల ఎత్తి మిద్దె అంచున కొత్త చౌడు వైపు చూశాడు.

"నాగలక్ష్మమ్మా, మిద్దెకు చౌడు ఎవరు పరిచినారు?"

"ఇంకెవరు సార్, సుంకమ్మే. ఆమెకు ఉండేది ఒక కూతురు. ఏటా ముదిగుబ్బ నుంచి వచ్చి తనే పరిచి పోతుంది. సోమవారం వచ్చింది, బుధవారం ఐదు గంటల బస్సుకు పోయింది. పోయిన గంటకే ఈ ఘోరం. సాయంత్రం మళ్ళ వచ్చి శవం మీద పడి..." నాగలక్ష్మమ్మ పూర్తి చేయలేదు.

ఓబుళేసు పెళ్ళను చేతిరుమాలులో మూట కట్టాడు.

*

మోటారు సైకిలు ఆగింది. ఎర్రిస్వామి దిగి, టోపీ సరిచేసుకుని, దండం పెట్టీ పెట్టకుండా పెట్టాడు. వయసు ముప్పై. రాష్ట్రపతి పతకాలు తనకోసమే తయారవుతున్నాయన్న నమ్మకం ఆయన నడకలో కనిపిస్తుంది.

"సార్, మీకు గోడలు చూసేదింత ఇష్టమని తెలిస్తే స్టేషన్ గోడే చూపిస్తుంటి. సున్నం కొట్టి ఆరేండ్లయింది."

"నీ ముద్దాయి సంచి లోపల చూసినావా?"

"చూసేకేముంది? ఖాళీ."

"వేల ఈగల్ని మోసిన సంచి. ఒక రెక్క లేదు, ఒక కాలు లేదు."

"దులిపినాడేమో."

"చేతులు ఆ మాదిరి వాచి, జనం తరుముతాంటే, నిలబడి సంచి దులిపినాడా? అది తడి సంచి ఎర్రిస్వామీ. ఈగలు కుట్టకుండా తల మీద కప్పుకునేది. ఈగలు ఎవరూ తేలేదు. నాలుగైదు నెలలుగా ఈ గోడలోనే ఉండాయి."

"ఉంటే ఊరికి తెలీదా సార్?"

"తెలుసు. చుక్కలు చూసి కాకుల్ని తిట్టినారు. మూకుడు చూసి పిచ్చుకలనుకున్నారు. చీమల్ని చూసి ఏమీ అనుకోలేదు. తమకు తెలిసిందన్న సంగతే వీళ్ళకు తెలీదు."

"సరే, గోడలోవే అనుకుందాం. అవి బయట దారి ఇడిసిపెట్టి ఇంట్లోకి ఎందుకొస్తాయి? వాడు గునపంతో కెలికినాడు కాబట్టే వచ్చినాయి. నాకు మనిషి చాలు సార్. ఈగల్ని మీరు పట్టుకోండి."

అంతకుముందు రోజు ఎవరో బయటి దారి మూశారన్న మాట ఓబుళేసు నాలుక చివరి దాకా వచ్చింది. జేబులో చేతిరుమాలు బరువుగా తగిలింది. చెబితే ఎర్రిస్వామి వెంటనే రెండో పేరు రాసుకుంటాడు. అదీ ముత్యాల్లాంటి అక్షరాల్లో.

"నాలుగు దాకా టైముంది," అన్నాడు.

"గంటన్నర సార్," అన్నాడు ఎర్రిస్వామి గడియారం చూసుకుని.

*

మూడుంబావుకు లాకప్‌లో ఓబుళేసు చేతిరుమాలు విప్పి, పెళ్ళను ఈరన్న ముందు పెట్టాడు. గాజుల అచ్చు పైకి ఉంది.

ఈరన్న దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. "పారేయండి సార్ దాన్ని."

"ఎవరి చెయ్యో నీకు తెలుసు."

"మీకూ తెలుసుండాల. లేకుంటే అంత మెల్లగా పెట్టరు."

ఓబుళేసు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. తరువాత ఈరన్న తనే మొదలుపెట్టాడు, గొంతు తగ్గించి.

"తెల్లార్తో కొండకు పోతాంటి. ఆ ఇంటి పక్కన పోతే బయట ఒక్క ఈగ ల్యా. గోడ మాత్రం ఎసరు ఉడికినట్ల ఉడుకుతాండాది. పైకి చూస్తే బొక్క మూసుండాది. బయట దారి మూస్తే ఈగ సావదు సార్. ఎలుతురు యాడుంటే ఆడికి పోతాది. తలుపు కొట్టినా. అరిసినా. పక్కన మగ్గాల మోత, ఎవురికి వినపడాల? మిద్దెక్కి గునపంతో పొడిసినా, బయటికన్నా వస్తాయని. కొన్ని వచ్చినాయి. లోపలికి పోయేటివి పోయినాయి."

"నెల కింద ఎందుకు తోసుకున్నారు?"

"పట్టు కోస్తానంటి. కత్తి తీస్తే నన్ను తోసేసింది. నా చెయ్యి పట్టుకోని గోడకు ఆనిచ్చింది. ఇరవై ఏండ్లయింది ఈరన్నా ఏదైనా నాతో మాట్లాడి, ఇది మాట్లాడతాండాది, నా అరచేతికి వినపడతాండాది అనె. అట్లంటే ఇంగ కత్తి యాడ పెడతా సార్?"

"ఇదే మేజిస్ట్రేటుకు చెప్పు. నిన్ను వదిలేస్తారు."

"చెప్తే, మూసిందెవరు అంటారు కదా."

"అంటారు."

"అమ్మ పోయిందని ఏడిస్తే ఎప్పుడో ఒకనాడు ఆపుతాది సార్ ఆ పాప. ఇది తెలిస్తే ఆపదు." ఈరన్న పెళ్ళను వాచిన వేళ్ళతో మెల్లగా బోర్లించాడు. "నాకెవరుండారు? నేను లోపల ఉంటే ఏమి, బయట ఉంటే ఏమి?"

*

మూడూ నలభైకి స్టేషన్ మెట్లెక్కి సుంకమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తలకు నూనె లేదు. రెండు రోజులుగా ఏడ్చిన ముఖం ఇప్పుడు కోపంతో బిగిసి ఉంది. లాకప్ ఊచల వెనక ఈరన్నను చూసి, చూపు తిప్పుకుని, నేరుగా ఓబుళేసు బల్ల ముందు నిలబడింది. పక్క బల్ల దగ్గర ఎర్రిస్వామి కాగితాలు కుడుతున్నాడు.

"సార్, మీరు మధ్యాన్నం మా ఇంటికొచ్చి గోడ చూసి పోయినారంట. ఈగలు మా గోడలోవే అన్నారంట. నేను ఒక మాట చెప్పేది మరిసిపోయినా. రాసుకోండి."

"రేపు రాసుకుంటాలేమ్మా," అన్నాడు ఓబుళేసు.

"రేపైతే వీడిని ఇడిసిపెడతారు. ఇప్పుడే రాయండి."

"రాయండి సార్," అన్నాడు ఎర్రిస్వామి తల ఎత్తకుండా. "ఫిర్యాదుదారు అడిగితే రాయాల కదా."

ఓబుళేసు కాగితం తీసుకున్నాడు. ఆ పెన్ను ఎప్పుడూ లేనిది, మొదటి గీతకే రాసింది.

"మా గోడలోవి కావు సార్. గోడలో ఉండేటివి ఉండె, నేను కాదన్ల్యా. సోమవారమే చూసినా, చూరు కింద పోతా వస్తా ఉండె. అమ్మకు చూపిస్తే నవ్వి చెయ్యూపింది. చెవులు లేని మనిషి, ఎప్పుడైనా మీద పడితే యెట్లని నాకు భయమైంది. మిగిలిన చౌడు పెట్టి ఆ బొక్క నేనే మూసినా. ఈ చేతుల్తో మూసినా. మూసిన బొక్కలోంచి ఈగ యెట్ల బయటికొస్తాది? వీడు తెచ్చి ఇడిసిందే."

ఎర్రిస్వామి సూది ఆగింది. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఓబుళేసు వైపు చూశాడు. మధ్యాహ్నం తను అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు అందింది.

ఓబుళేసు రాసింది ఇంకోసారి చదువుకున్నాడు. దీంతో ఈరన్న బయటికొస్తాడు. కానీ సమయం వేయని వాంగ్మూలం ఏ కోర్టులోనూ నిలబడదు. ఇరవై రెండేళ్ళుగా లెక్కలేనన్ని సార్లు అడిగిన ప్రశ్న అది. ఈసారి తల వంచుకుని అడిగాడు.

"ఎన్ని గంటలకు మూసినావమ్మా?"

"మంగళవారం, దీపాలు పెట్టినంక. పగలు పోతే కుడతాయని నిచ్చెన కింద కాచుకోనుంటి. ఒక్కటి కూడా బయట ల్యాకుండా అన్నీ లోపలికి పోయినంక..."

సుంకమ్మ ఆగింది.

"అన్నీ లోపలికి పోయినంక," అంది మళ్ళీ, ఈసారి ఎవరికీ చెబుతున్నట్టు కాదు.

అప్పుడు లాకప్‌లోంచి ఈరన్న గట్టిగా అన్నాడు.

"ఆ యమ్మకు బుద్ధి సరిగా ల్యా సార్. బొక్క మూసింది నేను. తిప్పమ్మ తేనె కొయ్యనీలేదని కసితో మూసినా. ఎస్.ఐ. సారూ, నేనే చేసినా. రాసుకోండి."

ఎర్రిస్వామి పెన్ను మూత తీశాడు. వెతుక్కుంటున్న ఒప్పుకోలు వెతక్కుండానే వచ్చింది. బయట జీపు స్టార్టయింది. "విన్నారు కదా సార్," అన్నాడు. అన్నాడే గానీ పెన్ను కాగితం మీద పెట్టలేదు.

సుంకమ్మ ఊచల దగ్గరికి నడిచింది. మొదటిసారి ఈరన్నను నిజంగా చూసింది. మూసుకుపోయిన కన్ను. మోచేతుల దాకా వాచిన చేతులు.

"తలుపు కొట్టినావా అన్నా?"

ఈరన్న తల వంచుకున్నాడు.

"శానాసేపు కొట్టినావా?"

అతను వాచిన చేతులు ఒళ్ళోకి దాచుకున్నాడు. ఆమె ఊచ పట్టుకుంది. రెండు గాజులూ ఊచకు తగిలి చిన్న చప్పుడు చేస్తే, చెయ్యి వెనక్కి తీసుకుంది. తరువాత వచ్చి ఓబుళేసు బల్ల ముందు నేల మీద చతికిలబడింది.

"ఆయప్ప అబద్ధం చెప్తాండాడు సార్," అంది. "నేను చెప్తా. మొదట్నుంచి చెప్తా. మంగళవారం, దీపాలు పెట్టినంక. చౌడు మిద్దెది, చేతులు నావి. నిదానంగా రాయండి సార్, ఒక్క మాట కూడా ఇడవాకండి."